పక్కింటి బాల్కనీలో బీరువా

బ్యూనస్ ఐరిస్,
4 జూలై 1987

నీల్దా చెల్లీ,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఇది చెప్పు, అమ్మ పింగాణీ సూపు గిన్నె మూత ఏమైంది? ముప్పై రెండు పెట్టెలు కట్టాను. గిన్నె దొరికింది, మూత లేదు. పెళ్లయి ఎస్కెల్‌కి వెళ్తూ నువ్వే సంచిలో వేసుకుపోయావని ఇరవై ఏడేళ్లుగా నా అనుమానం.

బడికి నిన్న శీతాకాలం సెలవులిచ్చారు. ఊళ్లో పిల్లలంతా సర్కస్‌కీ బొమ్మలాటకీ పోతుంటే వాళ్ల టీచరమ్మ పాత పేపర్లలో గ్లాసులు చుడుతోంది. ఇంటాయన ఇల్లు అమ్మేశాడని రాశాను కదా. ఈ రెండు వారాల్లో మారకపోతే ఇక మారలేను. ఒక చేత్తో ముప్పై ఒక్క మంది లెక్కలు దిద్దుతూ ఇంకో చేత్తో సామాను మోయడం నావల్ల కాదు. బుధవారం లారీ వస్తుంది.

కొత్త ఇల్లు వీయా ఉర్కీసా పేటలో, మూడో అంతస్తు. ఒక్కటే గది. వంటింట్లో ఇద్దరుంటే ఒకరు సింకులో నిలబడాలి. బాల్కనీ మాత్రం ఉంది. ఫోను లేదు. అర్జీ పెట్టాను, నీ మనవరాలి పెళ్లినాటికి ఇస్తారట. కాబట్టి ఎప్పట్లాగే బస్సు డ్రైవర్ సాందోవాల్ చేతికి ఉత్తరాలివ్వడమే మనకి దిక్కు.

అమ్మ బీరువా అమ్మెయ్యమని అందరూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. మూడు తలుపులు, నిలువుటద్దం, వాల్‌నట్ చెక్క. అది వస్తే సగం గది దానికే సరిపోతుంది. పోనీ. అది పట్టని ఇంట్లో నేనూ పట్టను. మన తోతో లారీ తెస్తానన్నాడు. పెదనాన్న కొడుకు, పరాయివాడా?

నీ మనవరాలు ఆగుస్తీనాకి గౌను సంగతి మర్చిపోలేదు. బీరువా పై అరలో నీలం కాగితంలో చుట్టి ఉంది. 26న జ్ఞానస్నానం అంటే ఇంకా మూడు వారాలుంది. ఇల్లు సర్దుకోగానే పంపిస్తాను. అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదనుకో. బిడ్డే గౌను దగ్గరికి రావాలనేది ఆవిడ. నీ ముగ్గురు పిల్లలూ ఇక్కడికొచ్చే తొడుక్కున్నారు. ఈ ఒక్కసారికి గౌనే బస్సెక్కుతుంది.

ఒళ్లంతా దుమ్ముతో,
హెర్మీనియా

*

ఎస్కెల్,
7 జూలై 1987

అక్కా,

మూత నా దగ్గరే ఉంది. గిన్నె పెద్దదానికి, మూత చిన్నదానికి అని అమ్మే పంచింది. ఆ రోజు నువ్వు బడికెళ్లావు. నా తప్పా?

ఇక్కడ కిటికీ దాకా మంచు. నీళ్ల గొట్టం గడ్డకట్టింది. మా ఆయన పొద్దున్నే వేడినీళ్ల కెటిల్ పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ బతిమాలుతున్నాడు. నన్నెప్పుడూ అలా బతిమాలలేదు.

తోతో లారీ వద్దు. వాడు పరాయివాడు కాదు, అందుకే వద్దు. నా పెళ్లికి కేకు తెస్తానని తెచ్చి, దానిమీదే కూర్చున్నది వాడేగా? డబ్బిచ్చి పనివాళ్లని పెట్టుకో. పాత చీపురు కొత్తింటికి తీసుకెళ్లకు, చీపురుతోపాటు పాత బాధలూ వస్తాయి. ముందు రొట్టె, ఉప్పు లోపల పెట్టి తర్వాత నువ్వు అడుగుపెట్టు. ఇవన్నీ నేను ముందే చెప్పానని గుర్తుంచుకో.

గౌను ఇరవయ్యో తారీకులోపు అందాలి. ఉతికి గంజి పెట్టాలి. నా వియ్యపురాలు ఎదెల్మీరా చీలీ నుంచి నైలాను గౌను తెప్పించింది. ముత్యాలు కుట్టారట. ఇంటింటికీ పెట్టెతో వెళ్లి చూపిస్తోంది. మొన్న మా ఇంట్లో, "మీ వాళ్లదేదో పాత గౌను ఉందన్నారు, అదింకా బతికే ఉందా వదినా?" అంది. అమ్మ చేతి లేసు చూపించి ఈవిడ నోరు మూయించాలి. మా అమ్మాయి గ్రసియెలా కూడా మన గౌనే కావాలంటోంది. ఆగుస్తీనాకి ఏమీ అక్కర్లేదు, పాలు తప్ప. చేతులకి మడతలు, మడతలకి మళ్లీ మడతలు. ఎనిమిది నెలల పిల్లంటే ఎవరూ నమ్మరు.

కెటిల్ పక్కనుంచి,
నీల్దా

*

బ్యూనస్ ఐరిస్,
11 జూలై 1987

నీల్దా చెల్లీ,

ఇల్లు మారిపోయాను! అంతా బ్రహ్మాండంగా జరిగింది. రొట్టె, ఉప్పు ముందు వెళ్లాయి, వెనక నేను. పాత చీపురు కూడా వచ్చేసిందనుకో. తోతో దాన్ని దుప్పట్లలో చుట్టాడు. నాకు తెలిసేసరికి అది నా మంచం మీద ఉంది.

అవును, తోతోనే. వాడు అప్పుడే లారీ కడిగి పెట్టుకున్నాడు, వద్దనలేకపోయాను.

తొమ్మిదో తారీకు స్వాతంత్ర్య దినం కదా, నేనింకా గరిటె కూడా బయటికి తీయలేదు. కింద ఎలీసెయో వాళ్లింట్లోనే లోక్రో తిన్నాను. మొక్కజొన్నా గుమ్మడీ ఇంత మెత్తగా ఉడికిన లోక్రో అమ్మ తర్వాత ఎలీసెయో ఇంట్లోనే చూశాను. ఎలీసెయో మంచి మనిషి. గీజరు వెలిగించి ఇచ్చిందీ, తాళం కప్పకి నూనె వేసిందీ ఎలీసెయోనే.

బీరువా సంగతి అడుగుతావని తెలుసు. క్షేమంగా వచ్చింది. నా బాల్కనీలో కూర్చుంటే ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. గౌనుకి ఇంకో నాలుగు రోజులు పడుతుంది. కంగారు పడకు.

సాందోవాల్ బస్సు వేళవుతోంది, ఆపేస్తున్నాను.
హెర్మీనియా

*

ఎస్కెల్,
14 జూలై 1987

అక్కా,

సాందోవాల్ వచ్చాడు. ఉత్తరం ఇచ్చాడు, గౌను లేదు. కాఫీ తాగుతూ ఒక మాట చెప్పాడు.

"మీ అక్కగారు బస్టాండుకి మగవాళ్ల కోటు వేసుకొచ్చారండీ. చీలమండల దాకా ఉంది. ఇత్తడి బొత్తాలు. ఎవరిదండీ అంటే మొహం ఎర్రబడింది, జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు."

నీ ఉత్తరం మళ్లీ తీసి లెక్కపెట్టాను. ఎలీసెయో పేరు నాలుగుసార్లు రాశావు. మా బావగారు పోయినప్పుడు కూడా నువ్వు ఆయన పేరు ఒక ఉత్తరంలో నాలుగుసార్లు రాయలేదు.

ఎవరే అతను? ఒక్క గదికి ఎందుకు మారావో ఇప్పుడు అర్థమైంది. ఇద్దరికి ఒక్క గది చాలుగా! నాకు సంతోషమే అక్కా. పదకొండేళ్లు ఒంటరిగా ఉన్నావు. యాభై ఆరేళ్లంటే ఏమంత ముసలితనం? కానీ గీజరు వెలిగించాడని రాసే బదులు సంగతేంటో రాయొచ్చుగా. నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకీ గ్రసియెలాకీ తప్ప. ఎదెల్మీరాకి దానంతటదే తెలిసిపోయింది.

గౌను మాత్రం మర్చిపోకు. ప్రేమలో పడ్డవాళ్లకి మతిమరుపు ఎక్కువ.

ముద్దులతో,
నీల్దా

*

బ్యూనస్ ఐరిస్,
16 జూలై 1987

నీల్దా,

నీకు మతి పోయిందా? ఎలీసెయో ఈ బిల్డింగు కాపలాదారు. అరవై మూడేళ్లు. అతనికి రామోనా అనే భార్య ఉంది. నాకంటే రెండింతల లావు, వంట బాగా చేస్తుంది, చేతిలో ఎప్పుడూ తడిగుడ్డ ఉంటుంది. కోటు అతని డ్యూటీ కోటు. చలేస్తోందని ఆవిడే నా భుజాల మీద వేసింది. నా చలిబట్టలు ఇంకా బయటికి తీయలేదు.

ఎందుకు తీయలేదని అడగకు. సర్దుకోవడం అంటే నీకేం తెలుసు? ఇరవై ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నావు.

గౌను భద్రంగా ఉంది. ప్రస్తుతానికి చేతికి అందే చోట లేదు, అంతే. ప్రయత్నిస్తున్నాను. ఒకవేళ సమయానికి రాకపోతే ఆ నైలాను గౌను ఉందిగా. నైలాను తడిసినా తొందరగా ఆరుతుంది, ఆ చలిలో పిల్లకి అదీ మంచిదే.

ఎదెల్మీరాకి చెప్పు, నేను విధవరాలిని, విధవరాలిగానే ఉన్నానని.

హెర్మీనియా

*

ఎస్కెల్,
19 జూలై 1987

శ్రీమతి హెర్మీనియా గారికి,

తమరి ఉత్తరం అందింది. నైలాను తొందరగా ఆరుతుందని తెలియజేసినందుకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. తమరి సలహా ప్రకారమే చేస్తాం. ఎదెల్మీరా గారు పెట్టెకి రిబ్బను కూడా కట్టారు.

తమరికి గౌను ఇవ్వడం ఇష్టం లేదని మొదటే చెప్పి ఉంటే నేను ఊరంతా చాటుకునేదాన్ని కాదు. నేను అడిగింది ఆస్తి కాదు. ఒక్క ఆదివారం, ఒక్క గంటకి ఒక గౌను.

మీరు మీరంటూ ఇంక రాయలేను. అక్కా, అమ్మ పోయినప్పుడు బీరువా నాది, గౌను నాది అన్నావు. నేను నోరెత్తలేదు. పురిటి పచ్చి ఆరకుండానే ముగ్గురు పిల్లల్ని ఒక్కొక్కళ్లని చంకనేసుకుని రెండు పగళ్లు, ఒక రాత్రి ప్రయాణం చేసి నీ దగ్గరికి తెచ్చాను. నువ్వు ఒక్కసారైనా వచ్చావా? ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి! ఒక ఏడు చలి, ఒక ఏడు పరీక్ష పేపర్లు, ఒక ఏడు బస్సు పడదు. నీకు మాకన్నా అమ్మ సామానే ఎక్కువ. ఉంచుకో.

నీల్దా

*

బ్యూనస్ ఐరిస్,
23 జూలై 1987

చెల్లీ,

నీ ఉత్తరాన్ని ఎలీసెయో కోటు జేబులో పెట్టుకుని ఒక రోజంతా తిరిగాను. బడి సోమవారం తెరిచారు, బళ్లోనూ అదే కోటు. ఇప్పుడు నిజం రాస్తాను. మధ్యలో "నేను ముందే చెప్పాను" అనాలనిపిస్తే గట్టిగా అను, ఇక్కడికి వినపడదు.

బీరువా నా ఇంట్లో లేదు. పక్కింటి బాల్కనీలో ఉంది.

ఆ బుధవారం అది లిఫ్టులో పట్టలేదు, మెట్ల మలుపు తిరగలేదు. తోతో మేడ ఎక్కి తాళ్లు దించాడు. ఈ ఊళ్లో అదేం వింత కాదు, పియానోలు కూడా బాల్కనీల్లోంచే ఇళ్లలోకి వెళ్తాయి. కానీ నా బాల్కనీ ముందు చెట్టు కొమ్మ అడ్డం ఉంది. "ఏం ఫర్లేదక్కా! పక్క బాల్కనీలోకి ఎక్కించి అక్కణ్ణుంచి ఇటు దాటించేద్దాం. ఐదు నిమిషాల పని" అన్నాడు. పక్కింటి ఓర్సీనీ దంపతులు మనవలతో మంచు చూడ్డానికి బరిలోచే వెళ్లారు. బీరువా దర్జాగా వాళ్ల బాల్కనీలో దిగింది. రెండు బాల్కనీల మధ్య నడుమెత్తు కటకటాలున్నాయి. వాటి మీంచి లేపుదామంటే పై అంతస్తు బాల్కనీ తగులుతోంది. ఈలోగా వాన. తోతో దాన్ని వాళ్ల తలుపుకేసి నెట్టి, టార్పాలిన్ కప్పి, "రేపొస్తానక్కా" అన్నాడు. మర్నాడు పండగ. ఆ మర్నాడు వాడికి నడుం పట్టేసింది. వాడి మనుషులు ఇంకో పనికి మార్ దెల్ ప్లాతా వెళ్లిపోయారు.

నా చలిబట్టలన్నీ అందులోనే ఉన్నాయి. గౌనూ అందులోనే. బీరువా తలుపులు ఓర్సీనీల ఇంటివైపు, వీపు వీధివైపు. వాళ్లింటి తాళం కోడలి దగ్గరుంది, కోడలు కూడా బరిలోచేలోనే ఉంది. పదమూడో తారీకున వస్తామన్నవాళ్లు ఇరవై ఏడుకి వాయిదా వేసుకున్నారు. పొద్దున్నే బాల్కనీలో కూర్చుని మాతే టీ తాగుతూ ఆ టార్పాలిన్ చూడటమే నా పని.

నీకెందుకు చెప్పలేదో సగం నీకు తెలుసు. తోతో వద్దన్నావు, వాడు చేసిన పని తెలిస్తే బతికినన్నాళ్లూ దెప్పుతావు. మిగతా సగం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రాస్తాను. బీరువా అక్కడ ఇరుక్కున్నప్పుడు నాలో ఒక మూల హమ్మయ్య అనుకుంది. నువ్వన్నది అబద్ధం కాదు. నాకు గౌను పంపడం ఇష్టం లేదు. లేసు మీద మమకారం కాదు నీల్దా. పిల్లలు లేనిదాన్ని. మా ఆయనా పోయాడు. మీరంతా ఇన్నేళ్లూ నా గడప తొక్కింది గౌను కోసం. అది బస్సెక్కితే ఇక ఎవరొస్తారు, ఎందుకొస్తారు? అందుకే నేను కూడా రాలేదు. అక్కడికొచ్చి మీ ఇల్లు నిండుగా ఉండటం చూస్తే వెనక్కి వచ్చి ఇక్కడ ఉండలేనని భయం.

చంకన బిడ్డలతో రెండు పగళ్లు, ఒక రాత్రి అని రాశావు. ఇన్నేళ్లలో ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు.

నిన్న పొద్దున కిందికెళ్లి ఎలీసెయోని రంపం అడిగాను.

"దేనికండీ టీచరమ్మా?"

"బీరువా వీపు కొయ్యాలి."

"ఎవరి బీరువా?"

"మా అమ్మది."

"ఎవరి బాల్కనీలో?"

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "చూడండమ్మా, నేనీ బిల్డింగు కాపలాదారుణ్ణి. ఇలాంటివి నా కంట పడకూడదు."

"అయితే కళ్లు మూసుకుని కొయ్యండి."

రామోనా వెనకనుంచి కసిరింది. "చాల్లే ఊరుకోవయ్యా! చంటిపిల్ల గౌనయ్యా అది. ఆ రంపం ఇటియ్యి, నువ్వు కొయ్యకపోతే నేను కోస్తా."

ఎలీసెయో గొణుక్కుంటూ రంపంతో కటకటాలు దాటాడు, వెనకే నేను. యాభై ఆరేళ్ల టీచర్ని, మగవాడి కోటు వేసుకుని, మూడో అంతస్తులో. రామోనా నా బెల్టు పట్టుకుని పరలోక ప్రార్థన మొదలుపెట్టింది. కింద బేకరీ ముందున్న జనమంతా పైకి చూశారు. ఒకావిడ, "దూకకమ్మా, ఏ మగాడూ అంత విలువ చెయ్యడు!" అని అరిచింది.

రంపం మొదటి గాటు పడినప్పుడు కళ్లు మూసుకున్నది ఎలీసెయో కాదు, నేను. ఆ చెక్కకి ప్రతి శనివారం మైనం రుద్దేది అమ్మ. చెయ్యి పట్టేంత కన్నం చేసి ఆపేశాడు. పై అరలో తడిమాను. కలరా ఉండలు తగిలాయి, ఒక మేజోడు తగిలింది, తర్వాత నీలం కాగితం. గౌను పొడిగా ఉంది. ఆ కన్నం చూస్తే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు.

దీన్ని సాందోవాల్ చేతికివ్వను. నేనే తెస్తున్నాను. రేపటి బస్సులో చోటు దొరికింది, శనివారం సాయంత్రం దిగుతాను. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి సెలవు చీటీ రాశాను. హెడ్మిస్ట్రెస్ దాన్ని రెండుసార్లు చదివి నాకు జ్వరమేమో అని నుదురు పట్టుకు చూసింది. కోట్లు ఇంకా లోపలే ఉన్నాయి కాబట్టి ఇత్తడి బొత్తాల కోటుతోనే వస్తాను. ఎదెల్మీరా ఏమనుకున్నా అనుకోనీ.

నైలాను మాట రాసినందుకు క్షమించు.

అక్క

*

ఎస్కెల్,
2 ఆగస్టు 1987

అక్కా,

నువ్వు బస్సెక్కి నాలుగు రోజులైంది. ఇల్లు బోసిపోయింది. మా ఆయన నిన్న నాలుగో కప్పులో కూడా కాఫీ పోశాడు, నువ్వు లేవని పోశాక గుర్తొచ్చింది. ఓర్సీనీలకి ఏం చెప్పావు? వాళ్లు తలుపు తెరిచి బీరువా అద్దంలో తమ మొహాలే చూసుకున్నప్పుడు ఏమన్నారు? అంతా రాయి, ఏదీ దాచకు.

ఫోటోలు వచ్చాయి, రెండు పంపుతున్నాను. ఆగుస్తీనా గౌనులో మహారాణిలా ఉంది. ముందునుంచి చూస్తే ఏమీ తెలియదు. వీపు సంగతి మన నలుగురికే తెలుసు.

ఆ ఆదివారం పొద్దున నాకు కళ్లముందే ఉంది. పిల్లని బోర్లా వేసి గ్రసియెలా ఇటు లాగితే, నేను అటు లాగితే, మెడ దగ్గరున్న రెండు బొత్తాలకీ కాజాలకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత ఖాళీ, కింద వీపు దగ్గర గుడ్డ బిగుసుకుపోయింది. చర్చి గంట కొట్టేశారు. ఎదెల్మీరా పెట్టె మూత తీసి గుమ్మంలో నిలబడింది. ఆవిడ పాపం ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఇంకా మంట. నేను ఏడుపు మొదలుపెట్టాను. అప్పుడు నువ్వు కోటు చేతులు పైకి మడిచి, "కత్తెర తే" అన్నావు.

"వద్దక్కా, అమ్మ కుట్టింది!"

"పిల్ల కోసమేగా కుట్టింది. తే."

వీపు వెంబడి మెడ దగ్గర్నుంచి నడుం దాకా ఒక్క పెట్టున కత్తిరించావు. ఎదెల్మీరా తన పెట్టె రిబ్బను విప్పి ఇచ్చింది, దాంతో వెనక కట్టావు. ఇప్పుడావిడ గౌనులో సగం తనదేనని ఊళ్లో చెప్పుకుంటోంది. చెప్పుకోనీ. నేను వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరుగుతున్నానన్నాను. ఆ రోజు ఇంట్లో ఉల్లిపాయలే లేవు. నీకు మాకన్నా అమ్మ సామాను ఎక్కువన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. మొహం మీద చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

గౌను ఇక్కడే వదిలేసి వెళ్లావు. చాలాసేపు ఆలోచించాను. ఉంచుకుంటాను.

ఇంకో సంగతి. వచ్చే ఏడు శీతాకాలం సెలవులకి మేం ఐదుగురం నీ దగ్గరికి వస్తున్నాం. ఒక్కటే గది అనకు, నేలుందిగా, పడుకుంటాం. సాందోవాల్‌కి చెప్పేశాను, టికెట్లు ఇప్పట్నుంచే ఆపుతానన్నాడు. పని మీద కాదు. జ్ఞానస్నానం లేదు, పెళ్లి లేదు, ఎవరికీ జబ్బు లేదు. ఊరికే వస్తున్నాం. నిన్ను చూడ్డానికి.

నీల్దా